దున్నపోతుకు పెట్టుపోతలు

ఏళ్ల తరబడి పశువుల దాణా అమ్ముతున్నాను గానీ, ఏ పశువుకూ నా చేత్తో ఇంత పెట్టి ఎరగను. వరంగల్‌లో ధాన్యం మార్కెట్‌కు పోయే తోవలో మా దుకాణం. ముందు వరసలో తవుడు, వెనక మక్కపిండి, గోడవారగా పత్తిగింజల చెక్క, పల్లిచెక్క, వాటి నడుమ గల్లా దగ్గర నేను. మా ఆయన తూకం చూస్తాడు. కొత్తగా వచ్చినవాళ్లకు బస్తా ఏదో, సేటమ్మ ఎవరో తేల్చుకోవడానికి కొంత సమయం పడుతుంది. నేను నవ్వితే తేలిపోతుంది.

గింజల నుంచి నూనె పిండగా మిగిలిన పిప్పిని మా వ్యాపారంలో చెక్క అంటాం. మా అమ్మాయి కాలేజీలో చేరిన కొత్తలో 'మాది చెక్క బిజినెస్' అని చెప్పుకుందట. కొన్నాళ్లకు ఆమె స్నేహితురాళ్లు మంచం ధర, డ్రెస్సింగ్ టేబుల్ ధర అడగడానికి దుకాణానికి వచ్చారు. తలా ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి, చెక్క వాసన చూపించి పంపాను. మళ్లీ రాలేదు.

పశువుల గురించి నాకు తెలిసిందల్లా వాటిని సాకేవాళ్ల నోటి నుంచి విన్నదే. ఏ ఇంట్లో బర్రె ఈనింది, ఎవరి పాలలో వెన్న తగ్గింది, అన్నీ వాళ్లు కొనే బస్తాను బట్టి చెప్పగలను. తీరా బర్రెను తెచ్చి ఎదురుగా నిలబెడితే, ఇది బర్రె అని చెప్పగలను. అంతకుమించి అడగకూడదు.

స్టేషన్ ఘన్‌పూర్ అవతలి ఊరి నుంచి ఒకామె నెలనెలా వచ్చేది. రైలు దిగి, ఆటోలో దుకాణానికి వచ్చి, కావలసినవి కట్టించుకుని, ఆ ఊరికి పోయే ట్రాలీలో వేయించేది. మొదట్లో నన్ను సేటమ్మా అనేది. ఒకసారి ఎండకు కళ్లు తిరిగి మా బస్తాల మీద కూలబడితే సోడా తెప్పించి తాగించాను. ఆ రోజు నుంచి నేను అక్కనయ్యాను, ఆమె చెల్లె అయింది. సోడాతో కలిసిన చుట్టరికం గనుక అప్పుడప్పుడూ పొంగుతుంటుంది.

ఓ రోజు ఆమె కొంగు ముడి విప్పి, ఒక సుతిలి తాడు తీసి గల్లా బల్ల మీద పరిచింది. తాడుకు అక్కడక్కడా ముడులున్నాయి.

"ఇదేంది చెల్లె, మంత్రించిన తాడా?"

"మా దుడ్డె ఛాతి కొలతక్కా. అమాసకో ముడి ఏస్తాన. మొన్నటి ముడికీ గీ ముడికీ నడుమ జాగ చూడు. ఎట్ల పెరుగుతాందో."

మా ఆయన అసలే తూకం మనిషి. ఆ తాడును చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ కాటా వైపు నడిచి, సగం దారిలో గుర్తొచ్చి ఆగి, వెనక్కి తెచ్చి ఇచ్చాడు. "మంచిగనే ఉన్నది," అన్నాడు, తూచినట్టే.

దుడ్డె అంటే బర్రె దూడ. ఆమె దగ్గరున్నది మగదూడ. బర్రెలున్న ఇళ్లలో ఆడదూడ పుడితే పండగ, మగదూడ పుడితే నిట్టూర్పు. ట్రాక్టర్లు వచ్చాక దున్నకు దున్నే పని కూడా లేదాయె. ఒక్క నాలుగు రోజులు జున్నుపాలు తాగనిచ్చి, తర్వాత తల్లి పాలన్నీ క్యానులోకి పిండేస్తారు. దూడ ఎండిపోతుంది, లేదా పశువుల బేరగాడి వ్యానెక్కి కబేళాకు పోతుంది. ఆమె మాత్రం తన మంచి బర్రెకు పుట్టిన దూడకు రోజూ ఒక సన్ను పాలు వదిలేసింది. కడుపులో పురుగులకు వేళకు మందు తాగించింది. పచ్చగడ్డి, వరిగడ్డి కలిపి కోసి వేసింది. ఇంట్లో అత్త రోజూ క్యాను మూత తీసి చూసి, మూత వేసేటప్పుడు కొంచెం గట్టిగా వేసేదట.

దున్నను పెంచడానికి ఆమెకు కారణం ఉంది. ఆవు ఎదకొస్తే ఊరంతా వినేలా అరుస్తుంది. బర్రె అలా కాదు. దాని ఎద మూగది. ఎండలోనైతే మరీను. ఇంటివాళ్లు గుర్తుపట్టి, ఫోన్ చేసి, చూడి కట్టే సూది వేసే ఆయన బండి మీద వచ్చేసరికి అదను దాటిపోతుంది. ఊళ్లో ముసలి దున్న చచ్చిపోయాక ఎన్నో బర్రెలు చూడి కట్టక వట్టిపోయి, మేత మేసి ఊరుకుంటున్నాయి. మూగ ఎదను పట్టగలిగింది దున్న ముక్కు ఒక్కటే. అందుకని ఊరి పాలకేంద్రం పెద్దమనిషి దగ్గరికి పోయి, ఊరికి ఒక దున్న కావాలె, నేను పెంచుతా, పాలకేంద్రం గడ్డిమడి నుంచి దానికి మేత ఇయ్యుండ్రి అని అడిగింది. ఆయన సగం నవ్వుతూ ఒప్పుకున్నాడు.

"మేత ఇస్తం గని బిడ్డా, గడువు పెడ్త. అది బర్రెలను దాటుడు మొదలుపెట్టిన ఏడు, శివరాత్రి కల్లా బర్రెలు చూడి కట్టాలె. కట్టకుంటే మాత్రం వ్యానెక్కిస్తం. పది మంది గడ్డి ఉత్తగ తినేటందుకు అదేమన్న అల్లుడా?"

ఆమె సరేనంది. అంటే ఆ దూడ ప్రాణం ఆ రోజే ఒక పండగకు కట్టేసినట్టయింది.

నేను ఆ దున్నను మొదటిసారి చూసేసరికి అది దూడ కాదు. చెల్లె పిలిస్తే ప్యాసింజర్ రైలెక్కి పోయాను. పాక ముందు వేపచెట్టు కింద నల్లగా, నున్నగా, నూనె రాసిన రాయిలా నిలబడి ఉంది. ముక్కుతాడు వేశారు. కొమ్ములు చెవుల వెనక్కి సుడి తిరిగాయి. నేను దూరం నుంచే ఆగాను. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. ఇద్దరికీ మెడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియదు. ఆ మాట పైకి అంటే చెల్లె ఒకటే నవ్వు.

"రా అక్కా, ఏమనది. రోజు నడిపిస్తాన, వాగుల కడుగుతాన, గోముగ మాట్లాడితే ఇంటది. కొట్టి పెంచితే దున్న మనిషి మీదికొస్తది."

"బర్రెల్లోకి వదిలినవా మరి?"

"గప్పుడేనా? మీసాలు రాకముందే పెండ్లి చేస్తమా? ఎముక ముదురనియ్యాలె. గిప్పుడే తోలితే నడుము ఇరుగుతది. దసరా పోనీ."

దసరా పోయింది. చల్లదనం వచ్చింది. బర్రెలకు అదే కాలం. దున్నను ఊళ్లోకి నడిపిస్తే, అది ఒక్కో పాక ముందు ఆగి, తల ఎత్తి, పై పెదవి వెనక్కి మడిచి, ఆకాశంలో ఏదో జోకు కనిపించినట్టు పళ్లు బయటపెట్టేది. ఏ పాక ముందు అలా చేస్తే ఆ బర్రె ఎదలో ఉన్నట్టు. ఇంటివాళ్లకు తెలియనిది దానికి తెలిసేది. జనం ఒక్కొక్కరే బర్రెలను తోలుకురావడం మొదలుపెట్టారు.

అక్కడొక ఆనవాయితీ ఉంది. దున్నతో దాటించినందుకు పైసలు పుచ్చుకోవడం తప్పు. అలాగని వట్టి చేతులతో రావడమూ తప్పే. బర్రెను తోలుకొచ్చినవాళ్లు స్టీలు డబ్బాలో నానబెట్టిన పత్తిగింజలు తెచ్చి, దున్న నుదుట బొట్టు పెట్టి, దానికి తినిపించి పోతారు. పత్తి పండే ఊళ్లు మావి. బర్రె పాలలో వెన్న పెరగాలన్నా, ఈనిన బర్రె తేరుకోవాలన్నా పత్తిగింజే. ఇంట్లో ఉన్న మంచి వస్తువు తేవడమే మర్యాద కదా. పెళ్లిళ్లలో పెట్టుపోతలు ఎన్నో చూశాను గానీ పోతుకు పెట్టుపోతలు అప్పుడే చూశాను. చెల్లె అత్త, అదే ఆ క్యాను మూతల ఆమె, ఇప్పుడు పాక ముందు మంచం వేసుకుని కూర్చుని, పెళ్లికొడుకు తల్లిలా డబ్బాలు అందుకునేది. పని లేకపోయినా, దారిన పోతూ పోతూ కూడా జనం డబ్బా పట్టుకొచ్చేవారు. ఊరి దున్న అని ముచ్చట.

మా దుకాణంలో ఆ ఊరి బేరం పెరిగింది. గింజలు, చెక్క, రెండూ కదిలాయి. నేను చాలా సంతోషించాను. ఊరు బాగుపడుతోందని సంతోషించాను అనుకున్నాను.

కార్తీకం సగంలో చెల్లె దుకాణానికి వచ్చింది. ఏమీ కొనలేదు. బస్తా మీద కూర్చుంది.

"అక్కా, దాటినయి దాటినట్టే మల్ల ఎదకొస్తానయి. ఒక్కటి గూడ కట్టలే. దున్నేమో పెండ్లికొడుకు తీర్గ మెరుస్తాంది."

"ఇంకొన్నాళ్లు చూడరాదు."

"చూసుటానికి నాకేంది. బేరగాడు అప్పుడే పాలకేంద్రం కాడికి వచ్చి పోతాండు. దున్నను దూరం నుంచి చూసి పోతాండు. పాలకేంద్రం పెద్దమనిషి మామ ఏమనలే గని, మొన్న ఎదురుపడి, శివరాత్రి ఎప్పుడొచ్చిందే ఈసారి అని అడిగిండు. ఆయనకు క్యాలెండర్ లేకనా?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమట తుడుచుకున్నట్టు తుడుచుకుంది గానీ అది చలికాలం.

మండలం పశువుల దవాఖాన డాక్టరమ్మను పిలిచానని, దాణా సంగతి అడిగితే తనకు చెప్పరాదని, నన్ను రమ్మంది. దాణా సంగతి నాకు వస్తుందన్న నమ్మకం ఆమెదే. నేను పోయాను.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. చేతికి పొడవాటి ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, దున్న చుట్టూ తిరిగి, తడిమి, కొలిచి, నడిపించి చూసింది. ముందురోజు తీసి దవాఖానలో మైక్రోస్కోపు కింద పెట్టిన వీర్యపు చుక్క సంగతి తర్వాత మెల్లగా చెప్పింది. దానిలో ఉండాల్సినవి ఉన్నాయట. కానీ కదలిక లేదట. ఆమె మర్యాదగా చాలాసేపు చెప్పింది. నాకు మాత్రం మా భాషలో అర్థమైంది. దుకాణం తెరిచే ఉంది, సరుకు ఉంది, బేరం నడవడం లేదు.

"మేత ఏం పెడతాన్రు?" అని అడిగింది డాక్టరమ్మ.

అత్త మంచం మీద నుంచే అందుకుంది. "ఏం తక్కువ చేసినం బిడ్డా. పచ్చగడ్డి ఉన్నది, తవుడున్నది. ఇగ ఊరోళ్లు పత్తిగింజలు తెస్తరు. పొద్దున ఇద్దరు ముగ్గురు, మాపున ఇద్దరు ముగ్గురు. ఒక్కలను గూడ ఉత్త డబ్బాతోని పంపలే. అన్ని తింటది, బంగారం."

"రోజుకెంత అయితది?"

"పెట్టేకాడ లెక్కేంది బిడ్డా."

డాక్టరమ్మ దున్నను చూసి, అత్తను చూసి, ఎందుకో చివరికి నన్ను చూసింది. పత్తిగింజలో ఒక పసుపుపచ్చని పదార్థం ఉంటుందట. పాలిచ్చే పెద్ద బర్రె కొంత మేరకు దాన్ని పొట్టలోనే అణిచేసుకుంటుంది. వయసుకొస్తున్న దున్నకు రోజూ అంతంత పడితే మాత్రం అది వీర్యాన్ని దెబ్బతీస్తుంది. పైకి నిగనిగలాడుతుంది, లోపల పని జరగదు.

"అంటే ఇగ అంతేనా మేడం?" అంది చెల్లె.

"ఎందుకంతే? ఆపేయండి, తిరిగొస్తది. గింజలొద్దు, చెక్క వద్దు. పచ్చగడ్డి, వరిగడ్డి, జర మక్కపిండి, ఖనిజాల పొడి. రోజు మంచిగ నడిపించండి, ఒళ్లు కూడా ఎక్కువైంది. రెండు నెలలు బర్రెలకు దూరం పెట్టి, అటెనుక చూడండి."

తగ్గించండి, నడవండి. సరిగ్గా ఇవే మాటలు అంతకుముందు వారం నాకు మా షుగరు డాక్టరు చెప్పాడు. ఆ లెక్కన ఆ రోజు నుంచి ఊళ్లో వాగు గట్టు మీద దున్న, ఖిలా వరంగల్ కోటగోడ వెంబడి నేను, పొద్దున్నే నడక మొదలుపెట్టాం. కోట చూడవచ్చిన టూరిస్టులు రాతి తోరణాలకు ఫోటోలు తీసుకుంటూ, నేను ఫోటోలోంచి తప్పుకునే దాకా ఓపికగా ఆగేవారు. దున్న నాకంటే తొందరగా తగ్గింది. దానికి మిర్చిబజ్జీ బండి ఎదురుపడదు కదా.

మేత మార్చడం తేలికే. డబ్బాలు ఆపడమే కష్టమైంది. అత్త ససేమిరా అంది.

"పెండ్లికొచ్చినోళ్లను చదివింపులు తేవొద్దంటమా? రేపు మా ఇంటికి ఎవడొస్తడు?"

చెల్లె దారిలో ఎదురుపోయి వద్దని చెబితే, జనం ముఖాలు మారాయి. మా డబ్బా పనికిరాకపాయెనా అన్నారు. ఒకామె అయితే, మీ ఇంటి దున్నకు మా గింజలు నచ్చుతలేవా, బాదంపప్పు తేవాల్నా అని అడిగిందట. ఇటు దుకాణంలో నేనూ చెప్పడం మొదలుపెట్టాను. ఆ ఊరివాళ్లు పత్తిగింజలు అడిగితే, బర్రెకా దున్నకా అని అడిగేదాన్ని. దున్నకంటే ఇవ్వనని చెప్పేదాన్ని.

"గిదేం కథ సేటమ్మా," అన్నాడొకాయన. "దాణా అమ్మే మనిషి దాణా పెట్టొద్దంటదా?"

"మీ దున్న మంచికే అన్నా."

"మా దున్న సంగతి మాకెరుక. నువ్వు తూకమెయ్యి."

వేయలేదు. ఆయన పక్క దుకాణానికి పోయాడు. మా ఆయన కాటా ముల్లు సరిచేస్తూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "మార్కెట్ల ఇన్ని దుకాణాలున్నయి. కొనొద్దని చెప్పేటందుకు కిరాయి కట్టేది మనమొక్కళ్లమే."

చివరికి దారి దొరికింది అత్త దగ్గరే. శనివారం నాడు ఆమె దేవుడి పటం ముందు అరటిపళ్లు పెట్టి, హారతి ఇచ్చి, కొంచెం సేపయ్యాక మనవలకు పంచుతోందట. పంచుతూ పంచుతూ ఆగిందట. ఆ మర్నాడు ఒకామె బర్రె పగ్గం, డబ్బా పట్టుకుని వస్తే, అత్త ఎదురెళ్లి డబ్బా అందుకుని, దున్నకు బొట్టు పెట్టి, డబ్బాను దాని ముక్కు ముందు ఒక్కసారి తిప్పింది. దున్న నాలుక చాచేలోగా వెనక్కి తీసి, వచ్చిన బర్రె ముందే కుమ్మరించింది.

"నైవేద్యం అయింది. గిది ప్రసాదం. నీ బర్రెకు పెట్టుకో బిడ్డా, పాలు మంచిగిస్తది."

ఆ వచ్చినామె ఒక్క క్షణం చూసి, కళ్లకద్దుకుందట. అంతే. ఊరంతా పాకింది. డబ్బాలు వస్తూనే ఉన్నాయి, మర్యాద మర్యాదలాగే ఉంది, గింజలు మాత్రం ఏ బర్రెవి ఆ బర్రె పొట్టలోకే పోతున్నాయి. దున్నను బర్రెలకు దూరంగా కట్టిన ఆ రెండు నెలలూ దర్శనం ఒక్కటే. డాక్టరమ్మా నేనూ ఇన్ని మాటలు చెప్పి ఒక్క డబ్బాను ఆపలేకపోయాం. అత్త ఒక్కదాన్నీ ఆపకుండానే అన్నిటినీ మళ్లించింది. చెల్లె ఇది ఫోనులో చెబుతుంటే, నేను గల్లా దగ్గర ఒక్కదాన్నే నవ్వుకుంటూ కూర్చున్నాను. బేరానికి వచ్చినాయన, ధర తగ్గిస్తుందేమోనని ఆశగా చూశాడు.

కానీ గడువు గడువే. దున్నను మళ్లీ బర్రెల్లోకి వదిలేసరికే మాఘం సగమైంది. శివరాత్రి వచ్చేసరికి చూడి కట్టినా తెలిసే వీలు లేదు. డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూడాలన్నా దాటిన తర్వాత రెండు నెలలన్నా పోవాలి. చెల్లెకు ఇప్పుడు కావలసింది ఎండాకాలం దాకా వ్యవధి. అది ఇవ్వగలిగింది పెద్దమనిషి ఒక్కడే.

శివరాత్రి నాడు సాయంత్రం ఊరివాళ్లు పాలకేంద్రం అరుగు మీద కూర్చున్నారు. చెల్లె రమ్మంటే నేనూ పోయాను. ఉపవాసం అని అందరికీ చెప్పాను గానీ రైల్లో రెండు జామపండ్లు తిన్నాను. రోడ్డు పక్కన బేరగాడి వ్యాను ఆగి ఉంది. అతను చెడ్డ మనిషేం కాదు. వ్యానుకు ఆనుకుని, పిలిస్తే వద్దామన్నట్టు నిలబడ్డాడు.

"చెప్పు బిడ్డా," అన్నాడు పెద్దమనిషి.

"ఎండాకాలం దాక ఆగుండ్రి మామా. డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూస్తది. అప్పటికి లేకుంటే నేనే పగ్గం పట్టి వ్యానెక్కిస్త."

"గడువు నువ్వు ఒప్పుకున్నదే."

"ఒప్పుకున్న. దాని తప్పైతే ఇయ్యాల్నే తోలుండ్రి. గని తప్పు దానిది గాదు. మనందరం ముచ్చటపడి పెట్టినం, అది తిన్నది. పెట్టిన డబ్బాలల్ల మీ డబ్బ గూడ ఉన్నది మామా. అందరి కంటె పెద్ద డబ్బ మీదే."

అరుగు మీద ఎవరో దగ్గారు, నవ్వును దగ్గుగా మార్చుకుని. పెద్దమనిషి నా వైపు తిరిగాడు.

"నువ్వేనా దుకాణం సేటమ్మవు? నీ సరుకు ఖరాబని నువ్వే చెప్తానవట?"

"సరుకు మంచిదే పెద్దయ్యా. బర్రెకు మంచిది. లడ్డూ మంచిదే, నాకు మంచిది కాదు. నన్ను చూస్తే తెలుస్తది గదా."

ఆయన నన్ను చూశాడు. తెలిసినట్టే ఉంది. ఏదో అనబోయాడు గానీ, అదే వేళకు మేతకు పోయిన బర్రెలు వాగు దాటి ఇళ్లకు మళ్లుతున్నాయి. చెల్లె కొడుకు తోలుకొచ్చి అరుగు ఎదుటి వేపచెట్టు కింద కట్టిన దున్న ఒక్కసారి తల ఎత్తింది. పగ్గం బిగిసింది. పెదవి వెనక్కి మడిచి, పళ్లు బయటపెట్టి, మందలో ఒక్క బర్రె వైపే తిరిగి నిలబడింది.

"అది మీ బర్రెనే మామా," అంది చెల్లె.

"అది ఎదల లేదు. పొద్దున నేనే చూసిన. ఇగ అది వట్టిపోయిందనే అనుకుంటాన."

"మీకు కనబడలే. దానికి కనబడ్డది."

పెద్దమనిషి లేచి, చెప్పులేసుకుని, బర్రె దగ్గరికి పోయి, తోక ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. తిరిగొచ్చి అరుగు మీద కూర్చోలేదు. బర్రె మెడలో పగ్గం వేసి తనే చెట్టు వైపు నడిపించాడు. పోతూ పోతూ వ్యాను దగ్గర ఆగి, బేరగాడితో, "ఇయ్యాల పండుగ గదా తమ్మీ. ఎండాకాలంల కనబడు," అన్నాడు.

ఎండలు ముదిరాయి. నా నడక కోటగోడ నీడ ఉన్నంత మేరకే పరిమితమైంది. చెల్లె ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. దాటిన బర్రెలు మళ్లీ ఎదకు రాలేదక్కా, ఇంక రాలేదు. ఆశ పెట్టుకుందామంటే భయం. ఎండాకాలంలో బర్రెలు ఎలాగూ ఎదకు రావు, దాన్ని నమ్మడానికి లేదని డాక్టరమ్మే చెప్పింది.

డాక్టరమ్మ చూసే రోజు పొద్దున్నే బండిలో పోయాం. దుకాణం ఒక పూట మూసి మా ఆయన కూడా వచ్చాడు. దున్నను చూడటం అతనికి అదే మొదటిసారి. చెట్టు దగ్గరికి పోయి, చుట్టూ తిరిగి, పెదవులు కదుపుతూ మనసులోనే తూచుకున్నాడు. పాలకేంద్రం ముందు చింతకొమ్మ నీడన బర్రెలను వరసగా కట్టారు. ముందు రెండు చూసి డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. చెల్లె నా చెయ్యి పట్టుకుంది. గాజులు గుచ్చుకున్నాయి గానీ వదిలించుకోలేదు. మూడోది పెద్దమనిషి బర్రె. పగ్గం ఆయనే పట్టుకున్నాడు. డాక్టరమ్మ చెయ్యి భుజం దాకా లోపలికి పోయింది. ఆమె కళ్లు మూసుకుని, ఎక్కడో దూరంగా ఏదో వింటున్నట్టు ముఖం పెట్టింది. బర్రె మాత్రం నెమరు వేస్తూనే ఉంది.

"కట్టింది," అంది డాక్టరమ్మ. "మంచిగ ఉంది."

ఆ తర్వాత చూసిన వాటిలో ఇంకా కొన్ని కట్టాయి, కొన్ని కట్టలేదు. అత్త అందరి తరఫునా దండం పెట్టుకుంది. చెల్లె ఏడవలేదు, నవ్వలేదు. నా చెయ్యి వదిలి, దున్న దగ్గరికి పోయి, దాని చెవి మొదట్లో గోకుతూ నిలబడింది.

పెద్దమనిషి బకెట్టు తెచ్చి, డాక్టరమ్మ చెయ్యి కడుక్కోవడానికి తనే చెంబుతో నీళ్లు పోశాడు. పోస్తూ పోస్తూ, తల తిప్పకుండా చెల్లెతో అన్నాడు.

"ఆ గడ్డిమడి ఒక్కటి సరిపోదే ఇగ. వానలు పడంగనే పక్క మడిల గూడ గడ్డి నాటాలె. నారు ఎక్కడ దొరుకుతదో అడుగు."

"అడుగుత మామా," అంది చెల్లె.

బేరగాడు వచ్చాడో లేదో ఎవరూ చూడలేదు.